లెక్క ఎవరు చేయవలెను?

(శతవార్షికోత్సవ సందర్భముగా ఐరాలలో జరిగిన తల్లిదండ్రుల, యౌవనస్థుల కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో మాట్లాడుమని పెద్దలు అడిగినప్పుడు, పాత మిషనెరీల సంగతులు, మొదటి గుడి కట్టిన సంగతులు చెప్పుదుమని మేము మొదట అనుకొంటిమి. ఆ పని మాకంటె బాగుగా చేయగలవారు ఈ సంచికలోనే వ్రాయుచున్నారు. కనుక మేము చిన్న సంగతి ఒకటి ఎన్నుకొన్నాము. ఇంటరు చదువుచున్న మన పిల్లలకు లెక్కలలోను, ఫిజిక్సులోను మనము ఎట్లు సహాయము చేయవలెను అనునదే ఆ సంగతి. చిన్న సంగతి అంటిమి గాని, మార్చి నెలలో పరీక్షలు వ్రాసి ఫలితముల కొరకు కనిపెట్టుచున్న ఇంటిలో అది చిన్నది కాదు. ఆ దినములలో ఆ ఇంటి పొయ్యి దగ్గర కూర్చున్నవారికి అది తెలియును.

మేము డిగ్రీలో లెక్కలు చదివి, ఆ తరువాత వేదాంత కళాశాలకు పోయినవారము. ఆ మాట ఎట్లో ఊరిలో తెలిసినది. ఒక సాయంకాలము ప్రార్థన ముగిసిన తరువాత పదునేడేండ్ల అబ్బాయి ఒకడు నోటుపుస్తకము చంకలో పెట్టుకొని మా వసారాలో నిలువబడినాడు. తండ్రి బెల్లము గానుగల దగ్గర కూలి చేయును. తల్లి సెనక్కాయల పనికి పోవును. ఆ ఇంటిలో పదవ తరగతి దాటినవాడు ఇతడే మొదటివాడు. ప్రతి ఉదయము చిత్తూరుకు బస్సెక్కి పోయి ఎం.పి.సి. చదువుచున్నాడు. "అయ్యగారూ, ఈ లెక్క నాకు రావడం లేదు" అన్నాడు. కూర్చుండబెట్టి చేసి ఇచ్చినాము. మరునాడు ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చినాడు. నెల తిరుగకముందే ఒక్కడు పది మంది అయినారు.

మేము చేసిన పని ఇది. పిల్లవాడు ప్రశ్న చూపును. మేము బల్ల మీద చకచక చేసి చూపెదము. తొందరగా ఉన్ననాడు వాని నోటులో మేమే వ్రాసి ఇచ్చెదము. "అయ్యగారు చేస్తే ఎంత సులభంగా ఉండాదో" అని పిల్లలు అనుచుండగా మాకు సంతోషము కలిగినది. ఆ సంతోషమే మమ్మును మోసపుచ్చినది.

ఫలితములు వచ్చినవి. ఆ మొదటి అబ్బాయి లెక్కలలోను ఫిజిక్సులోను తప్పినాడు. రెండు దినములైన తరువాత, దీపాలు పెట్టు వేళ, వాని తల్లి మా ఇంటికి వచ్చినది. "అయ్యా, నా బిడ్డ అన్నం ముట్టలేదు, తలుపేసుకొని పండుకోనుండాడు. నువ్వు వచ్చి పిలిస్తే లేస్తాడేమో" అన్నది. వెంటనే వెళ్ళినాము. చాలాసేపటికి తలుపు తీసినాడు. మాతో మాట్లాడలేదు. గూటిలోనుండి నోటుపుస్తకము తీసి మా ముందర పెట్టి, "దీంట్లో ఒక్క లెక్కన్నా తప్పుండాదేమో చూడండి అయ్యగారూ" అన్నాడు.

చూచినాము. ఒక్కటియు తప్పు లేదు. కాని పుట వెంబడి పుట తిప్పగా మాకు తెలిసినదేమనగా, ప్రశ్నలు వాని చేతివ్రాత, జవాబులు మా చేతివ్రాత. పరీక్ష గదిలోనికి వాడు ఒంటరిగా పోయినాడు. మా చేయి బయటనే ఉండిపోయినది.

ఆ మాట వాని తల్లి యెదుటనే వానితో చెప్పినాము. "నాయనా, ఈ తప్పుటలో సగము మాది" అని ఒప్పుకొన్నాము. ఆ రాత్రి వానితో కలిసి ఆ ఇంటిలో రాగిసంకటి తిని, ప్రార్థన చేసి వచ్చినాము. దారిలో మా మనస్సు నెమ్మదిగా లేదు. నాడు మేము నేర్చుకొన్న దానిని మీ ముందర పెట్టుటకే నేడు నిలువబడినాము.

గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయము మనకందరికి తెలిసినదే. రెండవ వచనములో పౌలు ఒకరి భారము నొకరు మోయుటను గూర్చి చెప్పును. ఐదవ వచనమునకు వచ్చుసరికి ఎవని బరువు వాడే మోసుకొనవలసి యుండునని చెప్పును. వేదాంత కళాశాలలో ఈ రెండింటిని ఎట్లు కలుపవలెనని మేము చాలా వాదించుకొన్నాము. అక్కడ తేలనిది ఐరాలలో ఒక పిల్లవాని నోటుపుస్తకములో తేలినది. గది లేకపోవుట, దీపము లేకపోవుట, అడుగుటకు మనిషి లేకపోవుట, తప్పుదునేమో అను భయము, ఇవి మనము పంచుకొని మోయవలసిన భారములు. లెక్క మాత్రము వాని బరువు. దానిని వాని భుజము మీదనుండి మనము తీసివేసినచో వాని భుజము ఎన్నటికి గట్టిపడదు.

మరునాటి నుండి మేము ఒక నియమము పెట్టుకొన్నాము. లెక్క చెప్పువాని చేతులు వీపు వెనుక కట్టుకొని యుండవలెను. పెన్సిలు పిల్లవాని చేతిలోనే ఉండవలెను. వినుటకు ఇది నవ్వులాటగా ఉండును గాని, చేసి చూడండి. పిల్లవాడు తప్పు దారిలో పోవుచున్నప్పుడు మన వ్రేళ్ళు పెన్సిలు కొరకు ఎంత తహతహలాడునో అప్పుడు తెలియును.

చేతులు కట్టుకొన్నవాడు ఏమి చేయవలెను? ప్రశ్నలు అడుగవలెను. మన ప్రభువు పండ్రెండేండ్ల బాలుడుగా దేవాలయములో బోధకుల నడుమ కూర్చున్నప్పుడు వారి మాటలు ఆలకించుచు, ప్రశ్నలు అడుగుచు ఉండెనని లూకా చెప్పుచున్నాడు. పెద్దవాడైన తరువాత కూడ, తన్ను ప్రశ్నించినవారికి ఆయన అనేక పర్యాయములు ప్రశ్నతోనే బదులిచ్చినాడు. హంగేరీ దేశమున పుట్టి అమెరికాలో స్థిరపడిన జార్జ్ పోల్యా అను గణిత పండితుడు 1945లో "హౌ టు సాల్వ్ ఇట్" అను చిన్న పుస్తకము ప్రకటించినాడు. అందులో ఆయన చూపిన మెట్లు నాలుగు. మొదట ప్రశ్నను అర్థము చేసికొనుట, రెండవది ఉపాయము ఆలోచించుట, మూడవది ఆ ఉపాయమును నడిపించుట, నాలుగవది వెనుకకు తిరిగి చూచుకొనుట. మేము ఈ నాలుగింటిని మన పిల్లల మాటలలో పెట్టుకొన్నాము. ఏమి ఇచ్చినారు, ఏమి అడిగినారు? బొమ్మ గీసితివా? ఏ సూత్రము, ఎందుకు ఆ సూత్రమే? వచ్చిన జవాబు నమ్మదగినదేనా?

నాలుగవ ప్రశ్న అన్నిటికంటె ఎక్కువ పని చేయును. ఒక ఉదాహరణ చెప్పెదము. బావిలో రాయి విడిచిన రెండు సెకనులకు నీటిని తాకినది, బావి లోతెంత? ఇది మొదటి సంవత్సరపు ఫిజిక్సులోని సులభమైన లెక్క. గురుత్వ త్వరణము 9.8. రెండును రెండుతో గుణిస్తే నాలుగు. 9.8ని నాలుగుతో గుణించి సగము చేస్తే 19.6 మీటర్లు, అనగా ఇంచుమించు 64 అడుగులు. ఒక పిల్లవాడు చుక్క పెట్టుట మరచి 196 మీటర్లు అని వ్రాసినాడు. మేము చేతులు వెనుకకు కట్టుకొని, "నాయనా, 196 మీటర్లనగా 640 అడుగుల పైమాట. మన ఐరాల పొలములలో అట్టి బావి ఎక్కడైనా చూచితివా?" అని అడిగినాము. వాడు తడుముకొనకుండ, "బావి లేదయ్యగారూ, బోరుండాది. మా నాయన వెయ్యడుగులు వేసినా నీళ్ళు పడలేదు" అన్నాడు.

అందరము నవ్వినాము. తరువాత నవ్వు ఆగిపోయినది. ఆ బోరుకు చేసిన అప్పు ఇంకను తీరలేదని అక్కడి పిల్లలందరికి తెలియును. కొంతసేపటికి వాడే, "రాయి వేసేది బావిలో గదా" అనుకొని, నోటు దగ్గరకు లాగుకొని, పోయిన చుక్కను కనుగొన్నాడు. ఆ చుక్కను మేము చూపి యుంటే వాడు మరచిపోయి యుండును. తానే కనుగొన్నాడు గనుక నేటికిని జవాబు వచ్చిన వెంటనే, "ఇది బావా, బోరా?" అని తన్ను తాను అడుగుకొనుచున్నాడు. మిగిలిన పిల్లలు కూడ ఆ మాటనే పట్టుకొన్నారు.

రెండవ ఉదాహరణ బస్సు లెక్క. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవు బస్సు బ్రేకు వేసిన తరువాత 20 మీటర్లలో నిలిచినది. రుణ త్వరణమెంత? ఇక్కడ పిల్లలు పడు గొయ్యి ప్రమాణములది. గంటలను సెకనులలోనికి మార్చక 36 అనియే వేసి గుణింతురు. 36 కిలోమీటర్లనగా సెకనుకు 10 మీటర్లు. పదిని పదితో గుణిస్తే నూరు, దానిని ఇరువదికి రెట్టింపైన నలుబదితో భాగిస్తే రెండున్నర. సెకనుకు రెండున్నర మీటర్ల చొప్పున వేగము తగ్గుచు నాలుగు సెకనులలో బస్సు నిలుచును. లెక్క అయిపోయినది. కాని మేము అక్కడ ఆపక, "అదే బ్రేకుతో వేగము రెట్టింపై, 72 అయితే ఎంత దూరములో నిలుచును?" అని అడిగితిమి. అందరు నలుబది మీటర్లు అన్నారు. చేసి చూడగా ఎనుబది వచ్చినది. వేగము రెండింతలైతే దూరము నాలుగింతలగును. ఒక అమ్మాయి చాలాసేపు ఆ జవాబు వైపే చూచి, "మా అన్న చిత్తూరు రోడ్డులో బైకు మీద ఎట్ల పోతాడో మీకు తెలీదయ్యగారూ" అన్నది. ఆ లెక్కను అన్నకు చెప్పుటకు ఆ రాత్రియే నోటు తీసికొనిపోయినది. ఆ అన్న మారినాడో లేదో మేము చెప్పలేము. చెల్లెలికి మాత్రము ఆ సూత్రము ఇక మరపురాదు.

మూడవది మన ప్రక్కనే ఉన్నది. చిత్తూరు నుండి తిరుపతికి పోవు మార్గములో గాదంకి అను పల్లె కలదు. అక్కడ 1990ల ఆరంభములో స్థాపించిన ఎం.ఎస్.టి. రాడారు ఉన్నది. నేడు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల దానిని నడుపుచున్నది. పైనున్న ఆకాశపు గాలులు ఎటు వీచుచున్నవో, ఎంత వేగముతో వీచుచున్నవో అది తరంగములను పైకి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వని వంటి దానిని బట్టి కనుగొనును. ఆ తరంగముల పౌనఃపున్యము 53 మెగాహెర్ట్జులు. కాంతి వేగము సెకనుకు ముప్పది కోట్ల మీటర్లు. దానిని ఐదు కోట్ల ముప్పది లక్షలతో భాగించిన యెడల తరంగ దైర్ఘ్యము 5.66 మీటర్లు వచ్చును. అక్కడి యాంటెన్నాలు 1024. వరుసకు 32 చొప్పున 32 వరుసలు. అవి 130 మీటర్ల చదరములో పరచియున్నవి. ఒక్కొక్క దాని నడుమ ఎంత దూరమో పిల్లలే భాగించి, ఇంచుమించు నాలుగు మీటర్లని చెప్పినారు. పుస్తకములోని తరంగము చంద్రలోకములోది కాదు, బస్సు కిటికీలోనుండి కనబడు ఊరిలోనిదని తెలిసిన దినమున పిల్లల ముఖములు వేరుగా ఉండును.

ఇక భాష సంగతి. ఇంటరులో ఎం.పి.సి. అనగా చాలామందికి ఆంగ్ల పుస్తకమే. మన పిల్లలలో అనేకులకు లెక్క కష్టము కాదు, ప్రశ్న కష్టము. "యాక్సిలరేషన్" అను మాటను నూరుసార్లు వ్రాసిన పిల్లవానిని, దానికి అర్థము చెప్పుమంటే నోరు మెదపడు. త్వరణము, అనగా వేగము మారే రేటు అని తెలుగులో చెప్పి, బస్సు కదిలినప్పుడు నీవు వెనుకకు పడుదువు గదా అంటే వెంటనే తల ఊపును. తెలుగు అకాడమీ 1968లో ఏర్పడి కళాశాల చదువులకు తెలుగు పుస్తకములు, పరిభాష సిద్ధపరచినది. అంతకు చాలా ముందు, పదకొండవ శతాబ్దములోనే, పావులూరి మల్లన గణిత గ్రంథమును తెలుగు పద్యములలో రచించినాడు. కాబట్టి లెక్క మన భాషకు పరాయిది కాదు. పరీక్షలో ఆంగ్లమున వ్రాయనిండు. అర్థము మాత్రము తల్లి మాటలో కలుగనిండు.

ఇక్కడనే చదువురాని తల్లిదండ్రులకు ఒక మాట. "మాకేమి తెలుసునయ్యా, మేమేమి సహాయము చేయగలము" అని మీరు అనుచుందురు. మీరు చేయగల సహాయము మేము చేయలేనిది. రాత్రి భోజనమైన తరువాత బిడ్డను, "ఈ దినము ఏ లెక్క చేసినావు, మాకు తెలిసేటట్టు చెప్పు" అని అడుగుడి. వాడు చెప్పగలిగితే వానికి వచ్చినట్లు. చెప్పలేక తడబడితే ఎక్కడ తెలియదో వానికే తెలియును. మీరు తప్పొప్పులు చూడనక్కర లేదు. వినుచు కూర్చుండిన చాలును.

ఈ పని గుడి వసారాలో జరుగుట మొదలైనప్పుడు సంఘ కూటములో ఒక పెద్దాయన లేచి అడిగినారు. "వచ్చే పిల్లలలో సగము మంది మనవారు కారు. కరెంటు బిల్లు సంఘము కట్టుచున్నది. ఇది తగునా?" అన్నారు. ఆయన ప్రశ్న ద్వేషముతో అడిగినది కాదు. కానుక పెట్టెలోని ప్రతి రూపాయి ఎవరి చెమటయో ఎరిగి అడిగినారు. కనుక మేము దానికి నెమ్మదిగా జవాబు చెప్పినాము. 1896లో తిరుపతిలోని హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ పాఠశాలలో ఒక హిందూ బాలుడు చేరినాడు. అక్కడ నుండి వేలూరులోని వూర్హీస్ కళాశాలకు, ఆ పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలకు పోయినాడు. ఆయన క్రైస్తవుడు కాలేదు, హిందూ తత్త్వమును లోకమునకు వివరించిన పండితుడైనాడు. 1962లో భారత రాష్ట్రపతి అయినాడు. ఆయనే సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఆయన పుట్టిన దినమున దేశమంతయు ఉపాధ్యాయులను గౌరవించుచున్నది. ఆ మిషన్ పాఠశాలల దీపపు నూనె వ్యర్థమైనదని మనలో ఎవరైనను చెప్పగలమా?

ఆ పెద్దాయన కొంతసేపు ఊరకుండి, "అయితే బల్బు పెద్దది వేయండి, చిన్న వెలుతురులో పిల్లల కండ్లు పోతాయి" అన్నారు. బల్బు ఆయనే తెచ్చి ఇచ్చినారు. ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. లెక్క చెప్పుట ఎర కాకూడదు. ఆ పిల్లలకు మేము లెక్కలే చెప్పినాము. అడిగినవారి కొరకు మాత్రము ప్రార్థించినాము. సహాయమునకు లోపల వేరొక లెక్క ఉంటే అది సహాయము కాదు.

మనకు రానిది వచ్చినప్పుడు ఏమి చేయవలెను? రాదని చెప్పవలెను. భ్రమణ చలనములో ఒక లెక్క మాకు మూడు దినములు తేలలేదు. డిగ్రీ చదివి ఇరువది యేండ్లు దాటినది, మరచినాము. పిల్లల యెదుట, "ఇది మాకు రాలేదు, మీరు కూడ చూడండి" అన్నాము. నాలుగవ దినమున మౌనముగా ఉండే ఒక అమ్మాయి దానిని చేసి తెచ్చినది. ఆ దినమునుండి ఆమె మౌనముగా లేదు. అయ్యగారికి తెలియనిది కూడ ఉండునని తెలిసినందువలన మా గౌరవము తగ్గలేదు. తెలియదని చెప్పుట సిగ్గు కాదని పిల్లలు నేర్చుకొన్నారు.

ఈ దినములలో మరియొక చిక్కు వచ్చినది. సెల్ ఫోనులో ప్రశ్న ఫోటో తీసి పెట్టగానే పరిష్కారము మెట్టు మెట్టుగా కనబడును. మేము దానిని నిందించము. 2004లో అమెరికాలో సల్మాన్ ఖాన్ అను యువకుడు దూరముననున్న తన బంధువుల అమ్మాయికి ఫోను మీద లెక్కలు చెప్పుట ప్రారంభించినాడు. అదే పెరిగి నేడు లోకమంతట పిల్లలు ఉచితముగా చూచు ఖాన్ అకాడమీ అయినది. మంచి పాఠము ఫోనులో వచ్చినను మంచిదే. కాని ఫోను తీర్చి ఇచ్చిన లెక్కను చూచి వ్రాసుకొను పిల్లవాడు, మేము వ్రాసి ఇచ్చిన నోటుతో పరీక్షకు పోయిన ఆ అబ్బాయి వంటివాడే. మా చేతులు వీపు వెనుక కట్టుకొనగలము. ఫోను చేతులు ఎవరు కట్టుదురు? పిల్లవాడే కట్టవలెను. ముందు తాను ఇరువది నిమిషములు పెనుగులాడి, ఆ తరువాతనే చూడవలెను. చూచిన తరువాత ఫోను మూసివేసి, మరల మొదటినుండి తానే చేయవలెను.

ఇక మా హృదయములో భారముగా ఉన్న మాట. 2019లో తెలంగాణలో ఇంటరు ఫలితములు వచ్చిన దినములలో ఇరువది మందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొన్నారు. ఆ వార్తలు చదివినప్పుడెల్ల మూసియున్న ఆ తలుపు మాకు జ్ఞాపకమునకు వచ్చును. తల్లులారా, తండ్రులారా, ఫలితముల దినమున బిడ్డను ఒంటరిగా విడువకుడి. ఎదురింటి పిల్లవాని మార్కులు ఆ దినమున ఎత్తకుడి. తప్పినను నీవు మా బిడ్డవే అని నోరు తెరచి చెప్పుడి. మనస్సులోనే అనుకొంటే వానికి వినబడదు. బిడ్డ మాట మారినా, తిండి మానినా 14416 అను టెలి మానస్ నంబరుకు ఫోను చేసి సలహా అడుగవచ్చును, దానికి ఖర్చు లేదు. మీ పాస్టరును ఏ రాత్రియైనను పిలువవచ్చును.

తప్పుట అంతము కాదు. 1887లో ఈరోడులో పుట్టిన శ్రీనివాస రామానుజన్, నేటి ఇంటరు వంటి ఎఫ్.ఎ. పరీక్షలో ఒక్కసారి కాదు, మరల కూడ తప్పినాడు. లెక్కలు వచ్చును, తక్కిన విషయములు తప్పించినవి. కడుపు నింపుకొనుటకు మద్రాసులో పిల్లలకు లెక్కలు చెప్పినాడు. ఆ కాలమున మన నెల్లూరుకు కలెక్టరుగా ఉన్న రామచంద్రరావు గారు, తనకు పూర్తిగా అర్థము కాని ఆ నోటుపుస్తకములను చూచి, ఆ యువకుని నమ్మి, నెలకు ఇరువదియైదు రూపాయలు ఇచ్చి ఆదుకొన్నారు. 1914లో రామానుజన్ ఇంగ్లండు చేరినాడు. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. మన పిల్లలందరు రామానుజన్‌లు కారు, కానక్కర లేదు. మేము చూపునది రామచంద్రరావు గారిని. ఆయన రామానుజన్ లెక్కలు చేసి పెట్టలేదు. అన్నమునకు అడ్డము లేకుండ చేసినాడు. ఒకరి భారము మోయుట అనగా అదియే.

మన తెలుగునాట కూడ అట్టివారున్నారు. గణిత ఉపాధ్యాయులైన చుక్కా రామయ్య గారు ఉద్యోగ విరమణ చేసిన తరువాత హైదరాబాదు నల్లకుంటలో పిల్లలకు ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షకు చదువు చెప్పి, ఐ.ఐ.టి. రామయ్య అని పేరు పొందినారు. నేడు ఐ.ఐ.టి. మన ప్రక్క తిరుపతి జిల్లాలోనే ఉన్నది. 2015లో ప్రారంభమైనది. దూరము తగ్గినది. ఎక్కు మెట్లు మాత్రము పిల్లల ముందర ఉన్నవి.

కాబట్టి ఈ శతవార్షిక సంవత్సరములో మన సంఘములను మేము అడుగునది కొంచెమే. ఒక గది, ఒక మంచి దీపము, ఒక నల్లబల్ల. వారమునకు రెండు సాయంకాలములు. సంఘములో డిగ్రీ చదివిన యౌవనస్థుడు ఒకడు, లేక పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు ఒకరు. ఆడపిల్లలు నిశ్చింతగా వచ్చి పోవుటకు స్త్రీల సమాజమునుండి ఒక తల్లి అక్కడ కూర్చుండవలెను. చీకటి పడిన తరువాత వారిని ఇంటివరకు విడిచి రావలెను. రుసుము వద్దు. ఎవరి బిడ్డ అని అడుగవద్దు. పుస్తకములు కొనలేనివారికి పై తరగతి పిల్లల పుస్తకములు అడిగి ఇప్పించవలెను. ఇంతకు మించి అవసరము లేదు.

మా దగ్గరకు వచ్చినవారందరు ఇంజనీర్లు కాలేదు. కొందరు డిగ్రీలో చేరినారు, కొందరు పనులకు పోయినారు, ఒకరిద్దరు మరల తప్పినారు. ఆ మొదటి అబ్బాయి సంగతి చెప్పి ముగించెదము. సప్లిమెంటరీ పరీక్షకు కొద్ది వారములే ఉండెను. ఆ వారములలో వాని నోటులో మేము ఒక్క అక్షరము వ్రాయలేదు. మొదటి దినమున ఒక్క లెక్కకు గంటన్నర పట్టినది, వానికి కోపము వచ్చినది, మాకును వచ్చినది. తుదకు రెండింటను గట్టెక్కినాడు. గొప్ప మార్కులు కావు, కాని ప్రతి మార్కు వానిదే. ఇప్పుడు డిగ్రీ చదువుచున్నాడు. శనివారము సాయంకాలము గుడి వసారాకు వచ్చి చిన్నవారికి లెక్కలు చెప్పును.

పోయిన శనివారము మేము దూరమునుండి చూచినాము. ఒక పిల్లవాడు నేలమీద కూర్చుండి తప్పు వ్రాయుచున్నాడు. మనవాడు వాని ప్రక్కన నిలువబడి, రెండు చేతులు వీపు వెనుక గట్టిగా పట్టుకొని, "ఇది బావా, బోరా, బాగా చూడు" అని అడుగుచున్నాడు.

నూరేండ్లు మనలను మోసిన ప్రభువు, మోయవలసినది మోయుటకు బలమును, మోయకూడని దానిని విడిచి ప్రక్కన నిలుచుటకు ఓర్పును మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.